లైసెన్సు వచ్చింది సరే, మెడ తిప్పుతున్నామా?

మేము దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌లో గుమస్తాలం. ముగ్గురం. ఒకరిది జగిత్యాల వైపు, ఒకరిది కడప జిల్లా, ఇంకొకరిది తూర్పు గోదావరి. ముగ్గురమూ ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి ఇటు వచ్చినవాళ్ళమే. మేము స్టీరింగ్ పట్టం. కానీ స్టీరింగ్ పట్టినవాళ్ళ కాగితాలన్నీ మా బల్ల మీదికే వస్తాయి. ముల్కియా రెన్యువల్, ఇన్సూరెన్స్, నెలాఖరుకు ముఖాలిఫాల లిస్టు, యాక్సిడెంట్ అయితే పోలీసు రిపోర్టు, మనిషికి దెబ్బ తగిలితే ఆసుపత్రి కాగితం, మరీ ఘోరం జరిగితే ఊరికి పంపాల్సిన కాగితం. ఈ చివరి కాగితం టైపు చేసిన రోజు మా ముగ్గురిలో ఎవరికీ మెస్సులో అన్నం సయించదు.

ఈ మధ్య క్యాంపులో ఒక తమ్ముడికి లైట్ వెహికల్ లైసెన్సు వచ్చింది. నాలుగోసారికి పాసయ్యాడు. రూములో అందరికీ జిలేబీ పంచాడు. మేమూ తిన్నాం, సంతోషపడ్డాం. హెల్పర్‌గా ఎండలో ఇటుకలు మోసే మనిషి ఏసీ పికప్‌లో కూర్చోబోతున్నాడు, జీతం పెరుగుతుంది, ఊళ్ళో అప్పు కొంచెం ముందుగా తీరుతుంది. ఎవరికి సంతోషం ఉండదు? జిలేబీ తింటూ అతనే నవ్వుతూ ఒక మాట అన్నాడు: "ఇక మెడ తిప్పే పని లేదన్నా, మెడలు పడిపోయినయ్."

ఇక్కడ లైసెన్సు టెస్టుకు వెళ్ళినవారికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. తెలియనివారి కోసం చెబుతాం. లేన్ మారే ముందు అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి, ఆ తర్వాత మెడ తిప్పి భుజం మీదుగా పక్కకు చూడాలి. అద్దంలో కనపడని మూల ఒకటి ఉంటుంది, దాన్నే బ్లైండ్ స్పాట్ అంటారు. ఒక కారు మొత్తం ఆ మూలలో దాక్కోగలదు, మోటార్ సైకిల్ సంగతి చెప్పనక్కర్లేదు. మెడ తిప్పలేదంటే ఎగ్జామినర్ ఫెయిల్ చేస్తాడు. అందుకని మనవాళ్ళు టెస్టు రోజు ఎగ్జామినర్‌కు బాగా కనపడేలా మెడ తిప్పుతారు, కొందరైతే గుడిలో ప్రదక్షిణం చేసినట్టు ఒళ్ళంతా తిప్పుతారు. కార్డు చేతికి వచ్చిన మరునాటి నుంచి మెడ మళ్ళీ బిగుసుకుపోతుంది. చూపించడానికి నేర్చుకున్నది చూడటానికి పనికిరాదు. మా బల్ల మీదికి వచ్చే రిపోర్టుల్లో లేన్ మారుతూ పక్క బండిని గుద్దినవి వచ్చినప్పుడల్లా మాకు ఆ జిలేబీ గుర్తుకు వస్తుంది.

మనవాళ్ళకు డ్రైవింగ్ రాదని మేము అనడం లేదు. ఊళ్ళో ట్రాక్టర్ నడిపినవాళ్ళు, డీసీఎం నడిపినవాళ్ళు, ఆటో తోలినవాళ్ళు ఎందరో ఇక్కడికి వస్తున్నారు. బండి మీద వాళ్ళ చేతికి మంచి పట్టు ఉంటుంది. కష్టమంతా చేతికి ఉన్న పాత అలవాటుతోనే. ఊళ్ళో మనం ఎడమ పక్క నడుస్తాం, ఇక్కడ కుడి పక్క. అక్కడ స్టీరింగ్ కుడివైపు, ఇక్కడ ఎడమవైపు. అక్కడ గేరు ఎడమ చేతితో, ఇక్కడ కుడి చేతితో. ఇక్కడ దవార్ దగ్గర ఎడమ నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలి. హైవే మీద ఎడమ చివరి లేను వేగంగా పోయేవాళ్ళది, ట్రక్కులు కుడి పక్కన పోవాలి. మన దగ్గర లోడు లారీ నడి రోడ్డు మీద తన ఇష్టానికి పోతుంది, వెనకనేమో "సౌండ్ హారన్" అని రాసి ఉంటుంది. ఇక్కడ మాటిమాటికి హారన్ కొడితే పక్కవాళ్ళు మనకేదో అయిందనుకుంటారు.

ఇంకో తేడా ఉంది. మన దగ్గర లైసెన్సు అంటే చాలామందికి ఆర్టీఓ ఆఫీసు దగ్గర ఏజెంటు, ఎల్ఎల్ఆర్, ఒక నెల తర్వాత బండితో ఎనిమిది వేయడం లేదా కారుతో హెచ్ ఆకారంలో ముందుకూ వెనక్కూ పోవడం. ఊరి బస్టాండు, సంత, బర్రెల మంద మధ్య ఎలా నడపాలో ఆ హెచ్ చెప్పదు. అందరూ అలాగే తెచ్చుకున్నారని అనం, కానీ ఎలా తెచ్చుకున్నారో ఎవరికి వారికి తెలుసు. ఇండియా లైసెన్సును ఇక్కడ నేరుగా మార్చి ఇవ్వరు, ఇక్కడి టెస్టు పాసు కావాల్సిందే. 2023లో దుబాయ్‌లో, సొంత దేశం లైసెన్సు ఉన్నవారు క్లాసులు లేకుండా ఒక్కసారి టెస్టుకు వెళ్ళే వీలు కల్పించారు. గోల్డెన్ ఛాన్స్ అన్నారు. ఆ ఒక్కసారి పోతే మళ్ళీ క్లాసులే. మనవాళ్ళు చాలామంది "పదేళ్ళు నడిపాం, మాకేంది" అని వెళ్ళి వచ్చారు. ఊళ్ళో పదేళ్ళు నడిపిన అలవాటే అక్కడ వాళ్ళ కాళ్ళకు అడ్డం పడింది.

క్లాసుల ఖర్చు తక్కువేమీ కాదు. ఫైలు తెరవాలి, కళ్ళ పరీక్ష, థియరీ పాఠాలు, థియరీ టెస్టు, పార్కింగ్ టెస్టు, ఆ తర్వాత రోడ్డు టెస్టు. ఫెయిల్ అయిన ప్రతిసారీ మళ్ళీ క్లాసులు, మళ్ళీ ఫీజు. అన్నీ కలిపి కొన్ని వేల దిర్హాములు, అంటే హెల్పర్‌కు కొన్ని నెలల జీతం. చీటీ పాడి కట్టేవారున్నారు, ఊళ్ళో వడ్డీకి తెప్పించుకునేవారున్నారు. అంత పెట్టి కొన్న చదువు గనుక ఎలాగైనా పాసు కావాలనే ఆత్రం సహజం. మనవాళ్ళలో చాలామంది థియరీ హిందీలోనో ఉర్దూలోనో రాస్తారు. వినడానికి అర్థమవుతుంది, కానీ "ముందున్న వాహనానికి తగిన దూరం" లాంటి మాట పరాయి భాషలో బట్టీ పడితే బుర్రలో నిలవదు. జవాబు ఏ నంబరో గుర్తుంటుంది, అది ఎందుకో గుర్తుండదు. మా కడప మిత్రుడు అంటాడు, ఇంటర్లో కెమిస్ట్రీ మనం అలాగే చదివాం గదా అని. నిజమే, కానీ కెమిస్ట్రీలో తప్పు రాస్తే పక్కవాడి ప్రాణం పోదు.

ఆ "తగిన దూరం" సంగతి మామూలు లెక్కలో చెప్పుకుందాం. 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. 120 అయితే 33 మీటర్లు. ఫోనులో ఎవరు పిలిచారో చూడటానికి మూడు సెకన్లు తల వంచితే, 100 వేగంలో 80 మీటర్లకు పైగా కళ్ళు మూసుకుని పోయినట్టే. మన క్యాంపు ఒక బ్లాకు ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ళకు గుడ్డ కట్టుకుని పరుగెత్తమంటే ఎవరైనా పరుగెత్తుతారా? ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే ఒకటి, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టాలి. మూడు అనే లోపే మనం ఆ స్తంభం దగ్గరికి చేరితే బాగా దగ్గరగా పోతున్నట్టు. మంచు పడినా, వెనక లోడు ఉన్నా ఇంకా ఎక్కువ లెక్కపెట్టాలి. ఇందుకు హిందీ, ఇంగ్లీషు ఏవీ రానక్కర్లేదు.

ఫోను మాట వచ్చింది గనుక ఇంకొకటి. డ్రైవర్ అన్నలు డ్యూటీలో ఉండగా ఫోను ఎత్తేది ఎక్కువగా ఆఫీసు కోసం కాదు, ఇంటి కోసం. ఇండియాలో టైము మనకంటే గంటన్నర ముందు. అక్కడ పిల్లలు బడి నుంచి వచ్చి నాన్నతో మాట్లాడాలని ఫోను పట్టుకునే వేళకు ఇక్కడ మన డ్రైవర్ హైవే మీద ఉంటాడు. వీడియో కాల్ మోగితే పాప మొహం కనపడుతుంది, ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో మాకు తెలుసు. ఫోను పట్టుకుంటే 800 దిర్హాములు, 4 బ్లాక్ పాయింట్లు అని డ్రైవర్లందరికీ కంఠోపాఠం. అయినా ఎత్తుతారు. అందుకే మేము మా డ్రైవర్లకు చెప్పేది మానేసి, వాళ్ళ ఇళ్ళకు చెప్పించడం మొదలుపెట్టాం. "నేను బండి ఆపి నేనే చేస్తాను, నువ్వు చేయొద్దు" అని భార్యకు ఒక్కసారి గట్టిగా చెప్పుకుంటే సగం గొడవ తీరుతుంది. ఒక చెల్లెమ్మ మొదట అలిగిందట, వేరే ఎవరో ఉన్నారేమో అనుకుందట. తర్వాత అర్థం చేసుకుంది.

ముఖాలిఫా అనగానే మనవాళ్ళకు కోపం. "రోడ్డు మీద దోచుకుంటున్నారు" అనే మాట రోజూ వింటాం. జీతం నుంచి కోత పడితే కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఒక లెక్క చూడండి. 2008లో ఈ దేశం రోడ్ల మీద వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2023లో 352 మంది. ఈ మధ్య కాలంలో బండ్లు, జనం ఎంత పెరిగారో మనం కళ్ళారా చూస్తున్నదే. బ్లాక్ పాయింట్లు వచ్చింది ఆ 2008లోనే. 24 పాయింట్లు చేరితే లైసెన్సు ఆపేస్తారు. కెమెరాలు వచ్చాయి, రోడ్లు బాగుపడ్డాయి, టెస్టు కఠినమైంది. అన్నీ కలిస్తేనే ఆ సంఖ్య దిగింది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది రోడ్ల మీద పోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క ఇచ్చింది. జనాభా ఎక్కువ అని సర్ది చెప్పుకున్నా అది చిన్న సంఖ్య కాదు.

ఇంతకంటే పెద్ద విషయం మన లేబర్ బస్సులది. క్యాంపులో ఉండే మనలో లైసెన్సు ఉన్నవాళ్ళు తక్కువ, లేనివాళ్ళు ఎక్కువ. కానీ రోజుకు రెండుసార్లు అందరమూ ఎవరో ఒకరి డ్రైవింగ్ మీద ప్రాణం పెట్టి కూర్చుంటున్నాం. 2013 ఫిబ్రవరి 4న అల్ ఐన్‌లో కార్మికుల బస్సు మీద లోడు ట్రక్కు పడి 20 మందికి పైగా పోయారు. ట్రక్కు బ్రేకులు పట్టలేదని అప్పుడు వార్తల్లో వచ్చింది. 2014 మే 10న దుబాయ్ ఎమిరేట్స్ రోడ్డు మీద కార్మికుల మినీ బస్సు, ఆగి ఉన్న ట్రక్కును వెనక నుంచి గుద్దింది. పది మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. ఆ వారం సోనాపూర్ నుంచి పొద్దున బస్సు ఎక్కినవాళ్ళలో ఎవరూ కునుకు తీయలేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

2019 జూన్ 6 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. రంజాన్ పండుగ సెలవులు. మస్కట్ నుంచి దుబాయ్ వస్తున్న బస్సు రషీదియా దగ్గర ఎగ్జిట్ తీసుకుంది. ఎత్తు బండ్లు రాకుండా అక్కడ అడ్డంగా ఇనుప కమ్మీ కట్టి ఉంటుంది. బస్సు వెళ్ళి దానికి కొట్టుకుంది, పైభాగం ఒక పక్క చీలిపోయింది. 17 మంది పోయారు. వారిలో 12 మంది భారతీయులు. 40 వేగంతో పోవాల్సిన చోట బస్సు 94తో పోతోందని కేసులో తేలింది. బోర్డులున్నాయి, కానీ 94తో పోయేవాడికి బోర్డు చదివే సమయం ఎక్కడిది? ఆ ఏడాది జులైలో మొదటి కోర్టు డ్రైవర్‌కు 7 ఏళ్ళ జైలు, 34 లక్షల దిర్హాముల బ్లడ్ మనీ వేసింది. 34 లక్షలు ఎక్కడి నుంచి వచ్చింది? చనిపోయిన ఒక్కొక్కరికి 2 లక్షల దిర్హాముల చొప్పున 17 మందికి. మన రూపాయల్లో ఒక్కరికి 40 లక్షల పైమాటే.

ఈ బ్లడ్ మనీ, అంటే దియా, గురించి క్యాంపులో రకరకాల మాటలు నడుస్తాయి. "ఇన్సూరెన్స్ కడుతుంది, ఖల్లీవల్లీ" అనేది అందులో ఒకటి. మేము ఇన్సూరెన్స్ కాగితాలు చూసేవాళ్ళం గనుక చెబుతున్నాం. సరైన లైసెన్సుతో, కంపెనీ అనుమతితో, మత్తులో లేకుండా నడిపినవాడి విషయంలో మామూలుగా ఇన్సూరెన్స్ ముందుకు వస్తుంది. లైసెన్సు లేనివాడు నడిపితే, లేదా తాగి నడిపితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టినా ఆ డబ్బు తిరిగి నడిపినవాడి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. మిత్రుడి పికప్ తాళాలు అడిగి "సూపర్ మార్కెట్ దాకా, రెండు నిమిషాలు" అని లైసెన్సు లేకుండా తీసుకెళ్ళేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. తాళాలు ఇచ్చినవాడు కూడా ఇరుక్కుంటాడు. లైట్ వెహికల్ లైసెన్సుతో హెవీ బండి ఎక్కడమూ అంతే. యార్డులోనే కదా, పక్కకు పెట్టడమే కదా అని ఫోర్‌మన్ చెప్పినా ఎక్కవద్దు. ఏదైనా అయితే ఆ ఫోర్‌మన్ మాట ఏ కాగితంలోనూ ఉండదు.

చిన్న యాక్సిడెంట్ అయినా పోలీసు రిపోర్టు తీసుకోవాలి. అది లేకుండా ఏ గ్యారేజీ బండిని ముట్టుకోదు. అవతలివాడు "భాయ్, వంద తీసుకో, పోనీ" అంటే తీసుకోవద్దు.

ఇప్పుడు మా క్యాంపులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. కంపెనీ పేరు, మనిషి పేరు అక్కర్లేదు. వేసవిలో ఒక తెల్లవారుజామున సైటుకు పోయే బస్సులో డ్రైవర్ కునుకు తీశాడు. బస్సు పసుపు గీత దాటి పక్కకు లాగింది, గీత మీది గరుకు శబ్దానికి డ్రైవర్ ఉలిక్కిపడి సర్దుకున్నాడు. వెనక ముప్పై మంది, అందులో ఇరవై మంది నిద్రలో ఉన్నారు. ముందు సీట్లో కూర్చున్న ఒక స్టీల్ ఫిక్సర్ అన్న, నిర్మల్ వైపు మనిషి, లేచి డ్రైవర్ పక్కన నిలబడ్డాడు. డ్రైవర్ వేరే దేశం వాడు. ఈయనకు వచ్చిన హిందీ అంతంతే. "భాయ్, గాడీ రోకో, చాయ్ పీతే" అన్నాడు. డ్రైవర్ కసురుకున్నాడు. లేటయితే ముదీర్ తనను తిడతాడన్నాడు. ఈయన కదల్లేదు. వెనక నుంచి ఇంకో నలుగురు లేచి వచ్చారు. చివరికి పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగింది. అందరూ దిగారు, డ్రైవర్ మొహం కడుక్కున్నాడు, చాయ్ తాగాడు. చాయ్ డబ్బులు ఈయనే ఇచ్చాడు. ఇరవై నిమిషాలు సీట్లో తల వాల్చి పడుకోమని కూడా ఈయనే చెప్పాడు.

సైటుకు నలభై నిమిషాలు లేటు. ముదీర్ గొడవ చేశాడు, హాజరు కట్ చేస్తానన్నాడు. ముందు బస్సు ఆపించిన మనిషి ఎవరని అడిగాడు. ముప్పై మందీ "మేమందరం" అన్నారు. తర్వాత ఆ డ్రైవర్ డ్యూటీ షీటు మా దగ్గరికి వచ్చింది. చూస్తే ఏముంది, ముందు రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి, రాత్రి ఓవర్‌టైం వాళ్ళను దింపి పదకొండింటికి ముగించి, మళ్ళీ నాలుగింటికి బస్సు తీశాడు. నిద్ర అంటూ నాలుగు గంటలు కూడా లేదు. ఆ మనిషిని ఏ డ్రైవింగ్ స్కూలు ఏం మార్చగలదు? మేము ఆ షీటు, టైములన్నీ ఎర్ర పెన్నుతో గీసి పై వాళ్ళ ముందు పెట్టాం. వెంటనే అన్నీ మారిపోలేదు. రాత్రి ట్రిప్పు చేసిన డ్రైవర్‌కు పొద్దున ట్రిప్పు వేయకూడదు అన్న నియమం మాత్రం వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. హాజరు కట్ కాలేదు.

ఆ స్టీల్ ఫిక్సర్ అన్నకు లైసెన్సు లేదు. కానీ నిద్ర వస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు. కిటికీ తెరవడం, పాటలు పెద్దగా పెట్టడం, కళ్ళ మీద నీళ్ళు కొట్టుకోవడం, ఇవన్నీ నిద్రను ఐదు నిమిషాలు వాయిదా వేస్తాయి అంతే. బండి ఆపి పడుకోవడం ఒక్కటే మందు. తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒళ్ళు దానంతటదే నిద్రకు లాగుతుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ ముందు గంటలో ఉపవాసం ఉన్నవాళ్ళంతా ఇంటికి చేరాలని తొందరపడతారు. ఆ వేళల్లో బస్సులో ఒకరైనా మెలకువగా ఉండి డ్రైవర్‌ను కనిపెట్టి ఉండటం మంచిది.

బస్సు ఎక్కేవాళ్ళు చూడగలిగేవి ఇంకొన్ని ఉన్నాయి. 2017 జులై నుంచి వెనక సీట్లవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే 400 దిర్హాములు, డ్రైవర్‌కు 4 పాయింట్లు. మన బెల్టు లేనందుకు డ్రైవర్‌కు పాయింట్లు పడటం న్యాయం కాదు గదా. బెల్టు ఉన్నా, సీటు కింద సిమెంటు పట్టి గట్టిపడి ఉంటే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. టైరు మీద ఒక పక్క గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు ఉంటాయి. 1823 అని ఉంటే 2023వ సంవత్సరం 18వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్ళు దాటిన టైరు ఇక్కడ పనికిరాదు. జులై, ఆగస్టు ఎండలో తారు మీద పాత టైరు పేలడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బస్సు కోసం నిలబడి సిగరెట్ కాల్చే ఐదు నిమిషాల్లో ఆ నాలుగు అంకెలు చదవవచ్చు.

ఇక మంచు. ఎడారిలో మంచేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. చలికాలంలో తెల్లవారుజామున సముద్రం తేమ దిగితే ముందున్న బండి లైటు కూడా కనపడదు. 2008 మార్చి 11న దుబాయ్ అబుదాబి రోడ్డు మీద గంతూత్ దగ్గర మంచులో 200కు పైగా బండ్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, కొన్ని తగలబడ్డాయి. 2011 ఏప్రిల్‌లో అబుదాబి దగ్గరే మళ్ళీ 127 బండ్లు. మంచులో నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసుకుని పోవడం మన దగ్గర అలవాటు. అలా పోతే మీరు ఆగారో, కదులుతున్నారో, లేన్ మారుతున్నారో వెనకవాడికి తెలియదు. ఆ లైట్లు ఆగినప్పటికే. పోయేటప్పుడు ఫాగ్ లైట్లు, లో బీమ్, తక్కువ వేగం, ఎక్కువ దూరం. అసలు కనపడకపోతే రోడ్డు నుంచి పూర్తిగా బయటికి వచ్చి బంకులోనో పార్కింగ్‌లోనో ఆగాలి.

నడిచేవాళ్ళ సంగతి కూడా. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు రోడ్డు దాటేటప్పుడు అలవాటు కొద్దీ ముందు కుడివైపు చూస్తారు. ఇక్కడ బండి ముందుగా వచ్చేది ఎడమ నుంచి. వచ్చిన మొదటి నెల క్యాంపు గేటు దగ్గర ఎవరైనా పాతవాళ్ళు వెంట ఉండి ఇది చెప్పాలి. అవతలి పక్క కిరాణా కొట్టు కోసం, క్రికెట్ ఆడే ఖాళీ స్థలం కోసం హైవేకు అడ్డం పడే మనుషుల్ని రోజూ చూస్తున్నాం. చూపించిన చోట కాకుండా దాటితే 400 దిర్హాముల ముఖాలిఫా ఎప్పటి నుంచో ఉంది. 2025 మార్చిలో వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టంలో, 80 ఆపైన వేగం ఉండే రోడ్లను అలా దాటితే శిక్ష ఇంకా పెంచారు, జైలు దాకా పోవచ్చు. రాత్రి నల్ల చొక్కా వేసుకుని దాటితే డ్రైవర్‌కు మనిషి కనపడేది చివరి క్షణంలోనే. సైటు జాకెట్ మీద మెరిసే పట్టీలు ఉంటాయి గదా, దాన్ని డ్యూటీ అయ్యాక కూడా వేసుకుంటే ఎవరూ నవ్వరు. నవ్వినా పర్వాలేదు.

సెలవు మీద పోయేవాళ్ళకు ఒక్క మాట. రాత్రి విమానం దిగితే శంషాబాద్‌కు ఇంటివాళ్ళు కారు మాట్లాడుకుని వస్తారు. ఆ డ్రైవర్ పొద్దున్నుంచి నడిపి, రాత్రంతా ఎయిర్‌పోర్టులో కాచుకుని ఉంటాడు. అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీద జగిత్యాలకు రెండు వందల కిలోమీటర్ల పైన. నిర్మల్, నిజామాబాద్ పోయేవాళ్ళకు 44వ నంబరు హైవే. వెనక సీట్లో రెండేళ్ళ తర్వాత కలిసిన భార్యాపిల్లలు, పైన అట్టపెట్టెలు. అలాంటి కారు ఆగి ఉన్న లారీ కిందికి పోయిందనే వార్త మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో. రెండేళ్ళు ఆగినవాళ్ళం, ఇంకో నాలుగు గంటలు ఆగలేమా? తెల్లారాక బయలుదేరండి, లేదా డ్రైవర్‌ను ఓ రెండు గంటలు పడుకోనివ్వండి. ఇంటికి పోయాక మీరే బైకు తీసేవాళ్ళయితే మొదటి వారం మీ చెయ్యి మిమ్మల్ని కుడి పక్కకు లాగుతుంది, అది గుర్తుంచుకోండి. హెల్మెట్ సంగతి మళ్ళీ చెప్పించుకోకండి.

మూడు నెలల క్రితం మా క్యాంపు మెస్సులో సెలవు రోజు సాయంత్రం ఒక చిన్న తరగతి మొదలుపెట్టాం. ట్రాఫిక్ పుస్తకంలోని హిందీ పాఠాన్ని మేము తెలుగులో చదివి వినిపిస్తాం, మా హెవీ డ్రైవర్ అన్న ఒకాయన, ఇక్కడ పందొమ్మిదేళ్ళుగా నడుపుతున్న మనిషి, అది రోడ్డు మీద ఎలా ఉంటుందో చెబుతాడు. మొదటి వారం ఆరుగురు వచ్చారు. ఇప్పుడు ముప్పై దాటారు, అందులో సగం మందికి లైసెన్సు తీసుకునే ఆలోచనే లేదు, బస్సులో కూర్చునేవాళ్ళే. జిలేబీ పంచిన తమ్ముడు కూడా వస్తున్నాడు. పోయిన వారం ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక ఇద్దరిని నిలబెట్టి, మెడ తిప్పకుండా వాళ్ళలో ఎవరు కనపడుతున్నారో చెప్పమన్నాడు హెవీ అన్న. అద్దానికి బదులు ఒకడి ఫోను పట్టుకున్నాం. కుడి పక్క నిలబడ్డ మనిషి ఎంతకీ కనపడలేదు. వచ్చే వారం దవార్. మెస్సులోని పెద్ద గుండ్రటి తాంబాళం మధ్యలో పెట్టి, చుట్టూ అగ్గిపెట్టెలతో నడపాలని అనుకుంటున్నాం. మీ క్యాంపుల్లో ఎవరైనా ఇలా మొదలుపెడితే పత్రికకు రాయండి.